పరిశోధన మనది, పాస్‌వర్డ్ వాళ్లది

2019 జులైలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులకు కొత్త చిక్కు వచ్చిపడింది. ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ జర్నళ్లలో అప్పుడే వెలువడిన వ్యాసం మీద నొక్కితే తెరుచుకోవడం లేదు, డబ్బు కట్టమంటోంది. బర్క్‌లీ, లాస్ ఏంజెలస్ సహా పది క్యాంపస్‌లున్న సంస్థ అది. అమెరికా పరిశోధనల్లో దాదాపు పదో వంతు అక్కడినుంచే వస్తుంది. అలాంటి చోట చందా కట్టడానికి డబ్బు లేకపోయిందా? ఉంది. ఏటా కోటీ పది లక్షల డాలర్ల దాకా కడుతూనే వచ్చారు. ఈసారి మాత్రం కట్టబోమన్నారు. ఆ మాట అన్నది వైస్ ఛాన్సలరో, విద్యార్థి సంఘమో కాదు. లైబ్రరీ.

లైబ్రేరియన్లు అడిగింది పెద్ద కోరికేమీ కాదు. ఇప్పటిదాకా చదవడానికి చందా విడిగా, వ్యాసాన్ని అందరికీ తెరిచి ఉంచడానికి రుసుము విడిగా తీసుకుంటున్నారు. రెండూ కలిపి ఒకే ఒప్పందం చేయండి, మా అధ్యాపకులు రాసినవి ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చదివేలా ఉంచండి, మొత్తం ఖర్చు మాత్రం పెరగకూడదు అన్నారు. నెలల తరబడి చర్చలు నడిచినా కుదరలేదు. 2019 ఫిబ్రవరి 28న లేచి వచ్చేశారు. చర్చల బృందానికి సారథ్యం వహించినవాళ్లలో ఒకరు అప్పటి బర్క్‌లీ ప్రధాన లైబ్రేరియన్ జెఫ్రీ మాకీ-మేసన్. ఆయన వృత్తిరీత్యా ఆర్థికశాస్త్రవేత్త. లెక్క తెలిసిన మనిషి బేరానికి కూర్చుంటే ఎలా ఉంటుందో ఆ తర్వాతి రెండేళ్లలో తెలిసొచ్చింది.

జర్నళ్లు ఆగిపోతే పరిశోధన ఆగిపోతుందని ప్రచురణకర్తలు లెక్కవేసి ఉండవచ్చు. లైబ్రరీలు ముందే సిద్ధపడ్డాయి. పాత సంచికల్లో చాలావాటికి శాశ్వత హక్కు ఉంది కాబట్టి అవి ఎక్కడికీ పోలేదు. కొత్తవి కావాలంటే ఇతర లైబ్రరీల నుంచి తెప్పించి ఇచ్చారు. రచయితే ఎక్కడైనా ఉచిత ప్రతి పెట్టి ఉంటే దాన్ని వెతికిపెట్టే పద్ధతులు నేర్పారు. కొందరు ప్రొఫెసర్లు ఒకడుగు ముందుకేసి, ఎల్సెవియర్ జర్నళ్ల సంపాదకవర్గాల్లో పని ఆపేశారు.

ఈ వ్యాపారం తీరు బయటివాళ్లకు నమ్మశక్యంగా ఉండదు. పరిశోధనకు పెట్టుబడి చాలావరకు ప్రజల పన్నులది. వ్యాసం రాసినవాళ్లకు జర్నల్ పైసా ఇవ్వదు. దాన్ని పరీక్షించే తోటి నిపుణులు, అంటే పీర్ రివ్యూ చేసేవాళ్లు, ఉచితంగానే చేస్తారు. అచ్చు కావాలంటే కాపీరైటు రాసివ్వాలి. ఆ తర్వాత అదే వ్యాసాన్ని అదే విశ్వవిద్యాలయం లైబ్రరీ డబ్బు పెట్టి కొంటుంది. పాలు ఊరికే పోసి, వెన్నశాతం పరీక్ష కూడా మనమే ఊరికే చేసిపెట్టి, సాయంత్రం అవే పాలు ప్యాకెట్‌లో కొనుక్కున్నట్టు. ఎల్సెవియర్ మాతృసంస్థ రెల్‌ఎక్స్ లెక్కల ప్రకారం 2018లో దాని శాస్త్ర ప్రచురణల విభాగం లాభం ఆదాయంలో సుమారు 37 శాతం. అంత మిగులు చూపించే వ్యాపారాలు ఏ రంగంలోనైనా అరుదే.

ప్రచురణకర్తలు ఏమీ చేయరనడం న్యాయం కాదు. వచ్చిన వ్యాసాలను వడపోయడం, సమీక్షకులకు పంపడం, పేజీలు కూర్చడం, దశాబ్దాలపాటు సర్వర్లలో భద్రపరచడం, ఇదంతా ఖర్చుతో కూడిన పనే. తగువు ఆ ఖర్చు దగ్గర కాదు, దాని పేరు చెప్పి వేసే ధర దగ్గర, పెట్టే తాళం దగ్గర. వందల జర్నళ్లను ఒక మూటగా కట్టి అమ్మడం వీళ్లకు అలవాటు. ఆ మూటలో మనకు అక్కర్లేనివి ఎన్ని ఉన్నా విప్పడానికి వీల్లేదు. 2012లో హార్వర్డ్ లైబ్రరీ సలహా మండలి తన అధ్యాపకులకు ఒక లేఖ రాసింది. ఏటా జర్నళ్లకే దాదాపు 37 లక్షల 50 వేల డాలర్లు పోతున్నాయని, కొన్ని జర్నళ్ల ఏడాది చందా 40,000 డాలర్ల దాకా ఉందని, ఇలాగే సాగితే తమ వల్ల కాదని అందులో చెప్పింది. లోకంలోకెల్లా సంపన్న విశ్వవిద్యాలయం మాట అది. ఇక మన జిల్లా కేంద్రాల్లోని విశ్వవిద్యాలయాల సంగతి చెప్పేదేముంది!

దీనికి విరుగుడుగా వచ్చిందే ఓపెన్ యాక్సెస్. 2002 ఫిబ్రవరిలో వెలువడిన బుడాపెస్ట్ ప్రకటన దానికి రూపురేఖలు ఇచ్చింది. పరిశోధన వ్యాసాన్ని ఎవరైనా ఉచితంగా చదవాలి, దించుకోవాలి, పంచుకోవాలి, కంప్యూటరుతో జల్లెడ పట్టుకోవాలి, రచయిత పేరు మాత్రం చెప్పాలి. సూత్రం ఇంతే. దాన్ని నడిపే యంత్రాంగంలో పెద్ద భాగం లైబ్రరీల్లోనే తయారైంది.

మొదటి దారి సొంత భాండాగారం. పాల్ గిన్‌స్పార్గ్ అనే భౌతికశాస్త్రవేత్త 1991లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఆర్కైవ్ (arXiv) అనే భాండాగారం మొదలుపెట్టాడు. అచ్చుకు ముందే వ్యాసాన్ని అక్కడ పెడితే ఆ రంగంవాళ్లంతా అదేరోజు చదివేయవచ్చు. 2001లో అది ఆయనతోపాటు కోర్నెల్‌కు తరలింది. ఆ తర్వాత చాలా ఏళ్లు దాన్ని నడిపింది కోర్నెల్ విశ్వవిద్యాలయ లైబ్రరీయే. అయితే ఆర్కైవ్ కొన్ని శాస్త్రాలకే పరిమితం. ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయం తనవాళ్ల రాతలన్నీ ఒకచోట పెట్టుకునే సాఫ్ట్‌వేర్ కావాలి. బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం 2000లో ఈప్రింట్స్ ఇచ్చింది. ఎంఐటీ లైబ్రరీ, హ్యూలెట్ ప్యాకర్డ్ కలిసి 2002లో డీస్పేస్ విడుదల చేశాయి. రెండూ ఉచితమే. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ 2002లోనే ఈప్రింట్స్‌తో తన భాండాగారం తెరిచింది. మన దేశంలో అలాంటి వాటిలో అదే మొదటిది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కూడా ఈ దారి తొందరగానే పట్టింది. జొన్న, కంది, వేరుశనగ మీద అక్కడి శాస్త్రవేత్తలు రాసిన వ్యాసాలు ఇవాళ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.

భాండాగారం కట్టగానే వ్యాసాలు వాటంతట అవి వచ్చి చేరవు. అధ్యాపకులకు తీరిక ఉండదు, ప్రచురణకర్త ఏమంటాడోనన్న భయం ఉంటుంది. ఆ భయం తీర్చడానికి హార్వర్డ్ అధ్యాపకులు 2008 ఫిబ్రవరిలో ఒక ఉపాయం చేశారు. కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ స్టూవర్ట్ షైబర్ ముందుండి నడిపించిన తీర్మానం అది. తాము రాయబోయే ప్రతి వ్యాసాన్నీ ఉచితంగా అందుబాటులో ఉంచే హక్కును ముందుగానే విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. రేపు ప్రచురణకర్తతో ఏ ఒప్పందం మీద సంతకం పెట్టినా, అంతకుముందే ఇచ్చిన హక్కు కాబట్టి ఇదే నిలుస్తుంది. ఎవరికైనా ఒక వ్యాసం విషయంలో మినహాయింపు కావాలంటే అడిగి తీసుకోవచ్చు. మరుసటి ఏడాది ఎంఐటీ అధ్యాపకులూ అదే చేశారు. చట్టాన్ని మార్చకుండా, ఎవరితోనూ కోర్టుకెక్కకుండా, ఒక్క తీర్మానంతో తలుపు తెరిచిన ఈ పద్ధతి నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది.

అలాంటి తీర్మానం లేనిచోట కూడా దారి ఉంది, చాలామందికి తెలియదు. ప్రతి వ్యాసానికీ మూడు రూపాలుంటాయి. జర్నల్‌కు పంపిన తొలిప్రతి ఒకటి. సమీక్ష పూర్తయ్యాక, సవరణలన్నీ చేసి రచయిత పంపిన ఆమోదిత ప్రతి రెండోది. జర్నల్ పేజీలు కూర్చి, లోగో వేసి ఇచ్చింది మూడోది. మూడోదాన్ని భాండాగారంలో పెట్టడానికి సాధారణంగా ఒప్పుకోరు. రెండోదాన్ని మాత్రం చాలా జర్నళ్లు పెట్టనిస్తాయి, కొన్ని ఆరు నెలలో, ఏడాదో, రెండేళ్లో ఆగమంటాయి. ఏ జర్నల్ దేనికి ఒప్పుకుంటుందో చెప్పే పట్టిక బ్రిటన్‌లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో షెర్పా రోమియో పేరుతో మొదలైంది, ఇప్పుడు అందరికీ ఉచితంగా దొరుకుతుంది. ఆ పట్టిక చూసి, మీ ఫైళ్లలో ఏది పెట్టవచ్చో, ఎప్పుడు పెట్టవచ్చో చెప్పడం లైబ్రేరియన్ పని. మన కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం, జీవసాంకేతిక విభాగం ఇచ్చే నిధులతో చేసిన పరిశోధనకు ఇలా భాండాగారంలో పెట్టాలన్న విధానం 2014 డిసెంబరు నుంచే ఉంది. పెట్టారా లేదా అని అడిగేవాళ్లు ఉన్నచోట అమలవుతోంది, లేనిచోట లేదు.

రెండో దారి డబ్బుది. కాలిఫోర్నియా కథ దానికే దారితీసింది. రెండేళ్లు గడిచాక, 2021 మార్చిలో ఎల్సెవియర్ ఒప్పందానికి వచ్చింది. అక్కడి పరిశోధకుల వ్యాసాలు ఇకమీదట ఉచితంగా తెరిచి ఉంటాయి. ప్రతి వ్యాసం రుసుములో మొదటి 1,000 డాలర్లు లైబ్రరీ కడుతుంది. మిగతాది రచయిత దగ్గర పరిశోధన నిధి ఉంటే అందులోంచి ఇస్తాడు, లేకపోతే అదీ లైబ్రరీయే భరిస్తుంది. చదవడానికి పెట్టే డబ్బు మెల్లగా ప్రచురించడానికి పెట్టే డబ్బుగా మారింది.

గెలుపే. కానీ ఎవరి గెలుపు? రచయిత వైపు నుంచి రుసుము తీసుకునే ఈ పద్ధతిలో చదివేవాడి దగ్గర తాళం పోయి, రాసేవాడి దగ్గరకు వచ్చింది. 2021లో నేచర్ పత్రిక ఒక వ్యాసాన్ని తెరిచి ఉంచడానికి పెట్టిన రుసుము 9,500 యూరోలు. అప్పటి మారకంలో ఎనిమిది లక్షల రూపాయల పైమాటే. కాలిఫోర్నియా రచయితకు వెనక లైబ్రరీ ఉంది. అనంతపురంలోనో, నల్గొండలోనో పనిచేసే అధ్యాపకుడికి ఎవరున్నారు? పేద దేశాల రచయితలకు రాయితీలు ఉన్నమాట నిజం. మన దేశం ఆ వరుసల్లో ఎక్కువసార్లు మధ్యలో ఇరుక్కుంటుంది, మాఫీకి పేద కాదు, కట్టడానికి ధనిక కాదు.

రచయితా కట్టక, పాఠకుడూ కట్టక నడిచే జర్నళ్లు ఉన్నాయి. వాటిని డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటారు. ఖర్చు విశ్వవిద్యాలయాలు, లైబ్రరీలు, విద్వత్సంఘాలు పెట్టుకుంటాయి. లాటిన్ అమెరికాలో ఇది ఎప్పటినుంచో మామూలు సంగతి. బ్రెజిల్‌లో 1998లోనే ఉచిత జర్నళ్ల వేదిక సైలో మొదలైంది. జర్నల్ నడపడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్, ఓపెన్ జర్నల్ సిస్టమ్స్, కెనడాలో జాన్ విలిన్‌స్కీ 2001లో తెచ్చాడు. దాని వెనక గట్టిగా నిలబడింది సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయ లైబ్రరీ. ఒక సర్వరు, ఒక ఓపికగల లైబ్రేరియన్, నిజాయతీగా సమీక్షించే నలుగురు ఉంటే ఏ విశ్వవిద్యాలయమైనా సొంత జర్నల్ పెట్టుకోవచ్చు. అలాంటి మంచి జర్నళ్ల పట్టిక, డీఓఏజే, 2003లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ లైబ్రరీలో సుమారు 300 పేర్లతో మొదలైంది. ఇప్పుడు అందులో 20,000కు పైగా ఉన్నాయి.

ఆ పట్టిక అవసరం మనకు మరీ ఎక్కువ. డబ్బు తీసుకుని ఏది పంపినా వారంలో అచ్చేసే దొంగ జర్నళ్లు కూడా ఓపెన్ యాక్సెస్ బోర్డే తగిలించుకుని తిరుగుతున్నాయి. ప్రమోషన్‌కు ఇన్ని పేపర్లు కావాలనే నిబంధన ఉన్నన్నాళ్లూ వాటికి గిరాకీ తగ్గదు. మంచి జర్నళ్లను గుర్తించడానికి యూజీసీ నడిపిన కేర్ జాబితాను 2025లో ఆపేశారు. ఏది మంచిదో తేల్చుకునే బాధ్యత ఇప్పుడు విశ్వవిద్యాలయాల మీదే పడింది. డబ్బు పంపేముందు ఒకసారి లైబ్రేరియన్‌ను అడగడం వల్ల నష్టం లేదు.

మన దేశం ఈమధ్య వేసిన పెద్ద అడుగు వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తల 13,000 దాకా జర్నళ్లు 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు 2025 జనవరి నుంచి అందుతున్నాయి. దీన్ని సమన్వయం చేసేది గాంధీనగర్‌లోని లైబ్రరీల నెట్‌వర్క్ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్. చిన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీ అధ్యాపకుడికి ఇది వరమే, కాదనను. కానీ ఇది తాళాన్ని తీయడం కాదు, ఎక్కువమందికి తాళంచెవి అద్దెకు ఇవ్వడం. ప్రైవేటు కాలేజీ విద్యార్థి, ఊళ్లో ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టరు, రిటైరైన ప్రొఫెసరు, విలేకరి, రైతు ఇంకా గుమ్మం బయటే ఉన్నారు.

అదే ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే థీసిస్‌ల భాండాగారం శోధ్‌గంగ అలా కాదు. దానికి పాస్‌వర్డ్ లేదు. పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథాలను ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. విశ్వవిద్యాలయ లైబ్రరీలే వాటిని అధ్యాయాలవారీగా విడదీసి, ముఖపత్రం ఒక ఫైలు, ధ్రువపత్రం ఒక ఫైలుగా డీస్పేస్‌లోకి ఎక్కిస్తాయి. అవి లక్షల్లో ఉన్నాయి. ఒకప్పుడు థీసిస్ చూడాలంటే ఆ ఊరెళ్లి, బీరువా తాళం తీయించుకుని, అక్కడే కూర్చుని నోట్సు రాసుకోవాల్సి వచ్చేది.

అయితే తెలుగు శాఖల థీసిస్‌ల విషయంలో ఒక చిక్కుంది. అవి ఉన్నాయి, దొరకవు. చాలావాటికి కాగితం ప్రతిని స్కాన్ చేసిన బొమ్మలే ఉన్నాయి. మరికొన్ని అను వంటి డీటీపీ ఫాంట్లలో కూర్చినవి. తెరమీద ముత్యాల్లా కనిపిస్తాయి, ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్ కాదు కాబట్టి సెర్చ్ ఇంజన్‌కు అది తెలుగని కూడా తెలియదు. నాలుగేళ్లు ఊళ్లు తిరిగి జానపద గేయాలు సేకరించిన మనిషి శ్రమ అంతా ఇంటర్నెట్‌లో పెట్టి కూడా దాచిపెట్టినట్టే.

డిజిటల్ విద్వత్తు అని లైబ్రరీలవాళ్లు అనేది ఇలాంటిచోటే మొదలవుతుంది. పుస్తకాన్ని ఫొటో తీస్తే డిజిటల్ అయిపోదు. షికాగో విశ్వవిద్యాలయం నడిపే డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1903 ముద్రణ ఉంది, గ్విన్ 1991 నిఘంటువూ ఉంది. అవి పేజీల బొమ్మలు కావు. ప్రతి పదం వివరాన్నీ టైపు చేయించి, పదమేది, వ్యాకరణ విభాగమేది, అర్థమేది, ప్రయోగమేది అని కంప్యూటరుకు తెలిసేలా గుర్తులు పెట్టారు. అందుకే పదం తెలిస్తే అర్థమూ, అర్థంలోని మాట తెలిస్తే పదమూ దొరుకుతాయి. బ్రౌను దొర తన నిఘంటువును మద్రాసులో 1852లో అచ్చువేయించినప్పుడు వెనకనుంచి వెతికే సౌకర్యం ఊహకు కూడా అంది ఉండదు.

ఇంకోవైపు మన స్కాన్లు చూడండి. ఒకప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్‌రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే ప్రాజెక్టు తలపెట్టారు. ఆ విశ్వవిద్యాలయ లైబ్రరీ, బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, చైనా, ఈజిప్టు సంస్థలు చేయి కలిపాయి. 2007 నాటికి 15 లక్షలు దాటాయి. అందులో మన దేశపు భాగమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. ఉస్మానియా విశ్వవిద్యాలయ లైబ్రరీ పుస్తకాలు అందులో బోలెడు. ఆ స్కాన్లు చదివినవాళ్లకు మొదటి పేజీలో పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో కనిపించే ‘టెక్స్ట్ ఫ్లై వితిన్ ది బుక్ ఓన్లీ’ గుర్తుండే ఉంటుంది. పుస్తకం పరిస్థితి ఎలా ఉందో స్కాన్ చేసినవాళ్లు పెట్టిన హెచ్చరిక అది. తర్వాత ఆ సైటు కాపీరైటు అభ్యంతరాలతో మూతపడింది. అప్పటికే ఉచిత సమాచారం కోసం పోరాడే కార్ల్ మాలముడ్ లాంటివాళ్లు ప్రతులు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టడం వల్ల పుస్తకాలు బతికాయి. ఒకేచోట ఉన్న ప్రతి ఏనాటికైనా పోయే ప్రతే.

ఆ పుస్తకాల పేర్లు మాత్రం తెలుగులో లేవు. ఇంగ్లీషు అక్షరాల్లో, నడుమ కామాలూ కొసగుర్తులూ ఇరికించి, ఒక్కొక్కరు ఒక్కో తీరుగా కొట్టారు. ‘ఆంధ్ర’ అనే మాటనే నాలుగైదు రకాలుగా వెతకాలి. తెలుగు వికీపీడియా వాళ్లు ఓపికగా కూర్చుని ఆ జాబితాలను తెలుగు లిపిలో తిరగరాశారు. కాపీరైటు తీరిన పుస్తకాలను వికీసోర్స్‌లో పేజీ పేజీ సరిదిద్దుతున్నారు. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1953లో మరణించిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు 2014 నుంచి అందరివీ. పాత అచ్చు తెలుగును యంత్రం చదవడం ఇంకా తేలిక కాలేదు. అరసున్నలు, వలపలగిలకలు, అరిగిపోయిన టైపులు, ప-వ-ష తేడాలు, కింద వేలాడే వత్తులు దాన్ని తికమక పెడతాయి. చివరికి మనిషి కన్ను పడాల్సిందే. వేతనం లేని స్వచ్ఛంద కార్యకర్తలు చేస్తున్న ఈ పని న్యాయంగా మన విశ్వవిద్యాలయ లైబ్రరీలది. వాటి దగ్గర మూలప్రతి ఉంది, సూచీలు కట్టే శిక్షణ ఉంది, ఏటా వచ్చే ఎం.ఎ. తెలుగు విద్యార్థులున్నారు. లేనిది ఖాళీల భర్తీ, కొంచెం పూనిక.

మీరు పరిశోధకులైతే ఈ వారమే మీ పాత వ్యాసాల ఆమోదిత ప్రతులు ఎక్కడున్నాయో వెతికి, లైబ్రేరియన్‌కు ఇవ్వండి. తెలుగులో థీసిస్ రాస్తుంటే యూనికోడ్‌లో రాసి, ఆ ఫైలునే లైబ్రరీకి అందించండి. గైడ్లు దీన్ని ఒక షరతుగా పెడితే ఇంకా మంచిది. పరిశోధనతో సంబంధం లేని పాఠకులైతే, తాళం వేసిన వ్యాసం ఎదురైనప్పుడు రచయితకు ఒక ఈమెయిల్ రాయండి. తమ రాత ఎవరో చదవాలనుకుంటున్నారని తెలిస్తే చాలామంది సంతోషంగా ప్రతి పంపిస్తారు.